రెండో ఉత్తరం

మా అక్క చేతుల వణుకు తగ్గిన రోజున, పెడనలో అత్తవారి అద్దకం పాకలో పండగ చేసుకున్నారు. అంతకుముందు ఏడాదంతా ఆవిడ గుడ్డ మీద అచ్చు వేస్తే నెమలి ఒకచోట, దాని తోక ఇంకోచోట పడేవి. గొంతు దగ్గర వాపు, గుండెదడ. బందరు డాక్టరు గారు మద్రాసు పంపితే, అక్కడి పెద్దాసుపత్రిలో రేడియేషన్ ఉన్న అయోడిన్ మందు తాగించారు. ఆ మందు నెత్తురుని ఏం చేస్తుందో చూడాలని ముందోసారి, తర్వాతోసారి నెత్తురు తీసుకున్నారు.

"ఎలా ఉందే మందు?" అని అడిగాను.

"వట్టి నీళ్ళురా. దానికోసం మద్రాసు దాకా వెళ్ళానా అనిపించింది."

ఆ నీళ్ళే పనిచేశాయి. మూడు నెలలకి దుప్పటి అంచు మొత్తం ఒక్క అచ్చూ తప్పకుండా వేసింది. "మా ఆవిడ చేతులకి మద్రాసులో మర బిగించారండోయ్!" అని బావ వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించాడు. అత్తగారు బూరెలు వండింది.

తర్వాత అక్క పేరున మద్రాసు డాక్టరు గారి ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషులో. మా రెండిళ్ళలోనూ బందరు కాలేజీలో చదువుతున్నది నేనొక్కణ్ణే. ఆదివారం సైకిలు మీద వెళ్ళేసరికి పాకంతా నాకోసం కాచుకుని ఉంది. "చదువు బావమరిదీ, నీ ఇంగ్లీషేంటో చూద్దాం" అన్నాడు బావ. రక్తకణాలు అన్న మాట తెలిసింది, విరగడం అన్న మాట తెలిసింది. మధ్యలో ఉన్నది తెలియలేదు. తెలియదనడానికి నామోషీ అనిపించింది.

"అక్క నెత్తురు విరిగిందట" అన్నాను.

ఆ పాకలో విరగడమంటే ఒకటే అర్థం. అద్దే ముందు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచుతారు. ఆ పాలు విరిగితే గుడ్డ పాడైనట్టే.

"విరిగిన నెత్తురు చెయ్యి తగిలితే పాలు నిలుస్తాయా తల్లీ?" అంది అత్తగారు. కోపంగా కాదు, భయంగా. ఆ రోజునుంచి అక్కని అచ్చుల బల్ల దగ్గరికి రానివ్వలేదు. మూల కూర్చోబెట్టి కరక్కాయలు ఏరమన్నారు.

"చేతులొచ్చాయి, పని పోయింది" అని అక్క నాతో నవ్వుతూనే అంది. చూపు మాత్రం బల్ల మీదే ఉంది.

మూడు వారాలు మనసు పీకి, ఆ ఉత్తరం మా సైన్సు మాస్టారికి చూపించాను. కణం లోపల సన్నటి పోగుల్లాంటివి ఉంటాయని, ఆ మందు వల్ల కొన్ని కణాల్లో అవి తెగాయని, ప్రస్తుతానికి కంగారు పడాల్సిన పని లేదని, ఏడాదికి మళ్ళీ చూస్తామని రాశారట. మాస్టారు కాగితం వెనక్కి తిప్పారు. "మామూలు పనులన్నీ చేసుకోవచ్చని ఇక్కడుంది. చూడలేదటోయ్?"

నేను కాగితం తిప్పనే లేదు.

ఆ మాట చెప్పే ధైర్యం లేకపోయింది. మరుసటి ఆదివారం పెడన వెళ్ళి, "డాక్టరు గారు రెండో ఉత్తరం రాశారు. మొదటిది పొరపాటుట. నెత్తురు విరగలేదు, లోపల కొన్ని పోగులు తెగాయంతే" అన్నాను.

అత్తగారు నేతగాళ్ళింటి ఆడపడుచు. "పోగులా! ఓస్, ఆ డాక్టరు ఆ మాట ముందే ఏడవచ్చుగా! మా పుట్టింట్లో పూటకెన్ని తెగేవి? అతుక్కుని నేసుకునేవాళ్ళం గానీ మగ్గం అవతల పారేశామా?" అని అక్క చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది.

అక్క నెమలి అచ్చు తీసుకుని, నల్లరంగు కోసం ఉంచిన ఇనపనీళ్ళలో అద్ది, గుడ్డ మీద కాదు, నా తెల్లచొక్కా వీపు మీద కొట్టింది. పాకంతా ఒకటే నవ్వు. కరక్కాయ పట్టించని చొక్కా కావడంతో నెమలి నల్లబడలేదు, తుప్పు రంగులో తేలింది. ఎన్ని ఉతుకులకీ పోలేదు. కాలేజీలో నన్ను 'నెమలి' అనేవారు.

ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఆ డాక్టరు గారిని 'తొందరపాటు డాక్టరు' అంటూనే ఉన్నారు. నేను వింటూ ఊరుకున్నాను. ఆయన ఏడాదికోసారి అక్కని పిలిపించి, నెత్తురు చూసి, ఓపిగ్గా మాట్లాడి పంపేవారు. తప్పు ఆయనది కాదు. రెండో ఉత్తరమన్నదే లేదు.

మొన్న అక్కతో ఈ మాట చెప్పాను. ఇప్పటికీ అచ్చు వేస్తూనే ఉంది, తల కూడా ఎత్తలేదు.

"నా పేరున రావలసిన ఉత్తరం పోస్టుమాను నీకెందుకిస్తాడ్రా?"

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే మళ్ళీ కరక్కాయలు ఏరమనేవాళ్ళు. అందుకే నోరు మూసుకుని, చొక్కా మీద నెమలి వేశాను."