ట్యాంకర్ నీళ్లు శుద్ధి అయిన రోజు

2007 వేసవి. వనపర్తి దగ్గరి మా ఊళ్లో అమ్మ దశదినకర్మ. గుండు చేయించుకున్నాక చూస్తే స్నానాలకు చెప్పిన ట్యాంకర్ రాలేదు. వెతుక్కుంటూ వెళ్లాను. ఆ రోజే ప్రారంభిస్తున్న మురుగునీటి శుద్ధి కేంద్రం తొట్లలో మా నీళ్లు పోస్తున్నారు.

“మోరీలు ఇంక కలపలే అన్నా. నాయకులొచ్చినంక ఏదో ఒకటి పారాలె గద” అన్నాడు అక్కడి ఇంజనీరు. “శుద్ధి అయిన నీళ్లు ఒకరు తాగి చూపియ్యాలె. నువ్వు తాగు, మీ నీళ్లు వాపస్ ఇస్త.”

ఇంట్లో బంధువులు ఎదురుచూస్తున్నారు. జనం ముందు గ్లాసెడు తాగాను. “మోరినీళ్లు మంచినీళ్లయినయ్!” అని మైకులో అరిచారు. చప్పట్లు మోగాయి.

ట్యాంకర్‌తో ఇంటికి వస్తే మేనత్త బిందె పక్కన పెట్టేసింది.

“మోరినీళ్లతోని తానమా? మైకుల విన్నంలే బిడ్డా.”

“మన నీళ్లే అత్తా” అని ఎంత చెప్పినా నమ్మలేదు.

మురుగు మంచినీళ్లు కావడం నేనింకా చూడలేదు గానీ, సర్కారు ఖర్చుతో మంచినీళ్లు మురుగు కావడం మాత్రం అమ్మ పదోరోజున చూశాను.