మామ తాగని టీ

పోయిన నెల ఒక పొద్దున మా ఊరు బేరిగైలో మా టమాటా తోట చదును చేయిస్తుంటే అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయినాడప్పా. రాగిజావ ఇచ్చేదానికి లేపితే పలకలేదు" అంది. ఆమె గొంతులో ఏడుపు ఇంకా మొదలు కాలేదు. నాకూ ఏడుపు రాలేదు. మొదట నాలో కలిగింది ఊరట. ఇక ఆ సంగతి బయటివాళ్ళెవరికీ తెలిసే దారి లేదు అనుకున్నాను. అలా అనుకున్నానన్నది కూడా రాసేయాలి, లేకపోతే ఈ నాలుగు మాటలకు విలువ ఉండదు. ఆ సంగతి ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఊరు డెంకణికోట పక్కన. పెద్దలిచ్చిన పొలం ఉన్నా ఆయన మనసు మాత్రం యంత్రాల మీద ఉండేది. కృష్ణగిరి చుట్టూ ఉన్న రాతి క్వారీల్లో నలభై ఏళ్ళు పొక్లెయిన్ నడిపాడు. టైర్ల మీద కాకుండా ఇనుప పట్టాల మీద పాకే ఆ తవ్వే యంత్రాన్ని మా వైపు చైన్ బండి అంటారు. ఇంజను మోతకు ఆయనకు ఒక చెవి మందగించింది. ఆ చెవి వైపు కూర్చుని అత్త తిట్టుకుంటూ ఉండేది. "వినిపించని పక్క నుంచి తిడితే సంసారం బాగుంటాదప్పా" అని నవ్వేవాడు.

నేను వ్యవసాయం పక్కన పెట్టి పాత చైన్ బండి కొంటానన్నప్పుడు మా నాన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మామ మాత్రం చెప్పులు వేసుకుని బయలుదేరాడు. హోసూరు దాటి కృష్ణగిరి దారిలో పాత బండ్లు అమ్మే యార్డులు ఉన్నాయి. ఎన్ని గంటలకు వస్తామో యార్డు వాళ్ళకు చెప్పవద్దన్నాడు. ఎందుకో అక్కడికి వెళ్ళాక అర్థమైంది. లోపలికి అడుగు పెడుతూనే ఎవరినీ పలకరించకుండా పోయి ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు.

"వెచ్చగా ఉండాది. మనం వచ్చేలోపలే లేపి పెట్టినారు. చల్లంగా ఉన్నప్పుడు లేవని బండి ఇది" అన్నాడు. అంతే, ఆ బండి ముఖం మళ్ళీ చూడలేదు.

ఆయన చూసే పద్ధతే వేరు. ఎన్ని గంటలు పని చేసిందో చూపించే మీటరును అన్నిటికన్నా చివర చూసేవాడు. "ఆ అంకె తిప్పేదానికి స్క్రూడ్రైవరు చాలప్పా. పెడలు మీద రబ్బరు ఎంత అరిగిందో చూడు, దాన్ని ఎవురూ తిప్పలేరు" అనేవాడు. చైన్ తిప్పే చక్రం పళ్ళు వేలితో తడిమి, రంపం పళ్ళలా మొన తేలి ఉంటే పెదవి విరిచేవాడు. బండి చేయి పైకెత్తించి ఇంజను ఆపించి, ఒక రాయి మీద కూర్చుని అది కిందికి జారుతుందేమోనని చూసేవాడు. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా, తొందర అన్నదే లేకుండా. ఆ తరవాత జేబులోంచి చీపురుపుల్ల తీసేవాడు. ఆ చేయి చివర మట్టి తీసే బకెట్‌ను నేలకు ఆనించి గట్టిగా నొక్కమని, బండి పైభాగానికీ కింది భాగానికీ నడుమ ఉన్న సందులో ఆ పుల్ల దూర్చేవాడు. నొక్కినప్పుడు పుల్ల లోపలికి దిగితే, పైభాగాన్ని తిప్పే పెద్ద బేరింగు అరిగిపోయిందని లెక్క. దాన్ని మార్చడం అంటే బండి నడుము విరిచి మళ్ళీ అతికించడమే.

ఇంత చూసేదాకా అమ్మేవాడి టీ ముట్టేవాడు కాదు. మా వైపు ఇంటికి వచ్చిన మనిషి టీ వద్దంటే తప్పుగా అనుకుంటారు. అయినా ఆయన గ్లాసు అందుకుని పక్కన రాతి మీద పెట్టేవాడు. బండి నచ్చితే, చల్లారిపోయినా సరే, చివరి చుక్క దాకా తాగేవాడు. నచ్చకపోతే గ్లాసు అక్కడే ఉండేది. నోటితో చెడ్డమాట చెప్పేవాడు కాదు. "వాడి బండి గురించి వాడి వాకిట్లో నేను దేనికి చెడు చెప్పేది?" అనేవాడు. హోసూరు నుంచి అంచెట్టి దాకా బండ్ల వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పెద్దాయన టీ తాగాడంటే కళ్ళు మూసుకుని కొనవచ్చు.

నా మొదటి బండికి ఆయన టీ తాగాడు. నడపడం కూడా ఆయనే నేర్పాడు. నేను లీవర్లను ఎద్దు ముకుతాడు లాగినట్టు లాగుతుంటే చేతి మీద కొట్టి, "రెండు వేళ్ళు చాలప్పా. అది నీకన్న బలమైంది, నువ్వు బలం చూపిస్తే నవ్వుతాది" అన్నాడు. వాలు ఎక్కేటప్పుడు చైన్ తిప్పే మోటర్లు వెనక్కి ఉండాలని, వాలులో నిండు బకెట్‌ను పల్లం వైపు తిప్పకూడదని, దిగేముందు బకెట్ నేల మీద పెట్టకుండా దిగేవాడు ఆపరేటరే కాదని చెప్పి చెప్పి నా చెవులు తినేశాడు. ఇవాళ నా కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నాయంటే ఆ మాటల వల్లే.

ఏనుగులు పొలాల మీదికి రాకుండా డెంకణికోట అడవి అంచున కందకం తవ్వే పనిలో మేమిద్దరం కలిసి పనిచేశాం. నేను తవ్విన మట్టిని, దగ్గరవుతుందని, కందకానికి అడవి వైపునే పోస్తున్నాను. మామ పరుగెత్తుకొచ్చి టవలు ఊపుతూ ఆపాడు. "ఆ పక్క పోస్తే ఏనుగు కాలితో ఆ మట్టినే కందకంలోకి తోసి దారి చేసుకుంటాది. దానికి నువ్వు కూలికి వచ్చినావా?" అన్నాడు. పక్క పొలంలో రాగి పైరు కోస్తున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. అక్కడి నుంచి ఆ పని అయ్యేదాకా నా పేరు ఏనుగు కూలోడు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. నాలుగేళ్ళ కిందట అదే దారిలోని యార్డులో ఇంకో చైన్ బండి చూశాను. కొత్తగా పసుపు రంగు కొట్టి ఉంది, సీటుకు కొత్త కవరు కూడా వేశారు. రెండో బండి అంటే ఊళ్ళో నేనూ ఒక ఓనరునని గొప్ప. మామను తీసుకుపోయాను. ఆయన చేయి ఎత్తించాడు, అది జారింది. పుల్ల పెట్టాడు, అది దిగింది. గ్లాసు రాతి మీదే ఉండిపోయింది. దారిలో ఒక్క మాట అన్నాడు: "రంగు చూసి పడిపోవద్దప్పా."

నాకు రోషం వచ్చింది. ముసలాయనకు అన్నిటిలోనూ లోపమే కనిపిస్తుందని మనసులో విసుక్కున్నాను. వారం తిరిగేలోపు ఒక్కడినే పోయి ఆ బండి కొన్నాను. తెలిశాక మామ కోప్పడలేదు. "కొన్నావు కదా, గ్రీసు బాగా పెట్టు" అన్నాడు. ఏడాది పాటు అది పనిచేసిన రోజులకన్నా షెడ్డులో పడుకున్న రోజులే ఎక్కువ. పైభాగం తిరిగినప్పుడల్లా కటకటమని చప్పుడు. వదిలించుకుందామని చూస్తుంటే అంచెట్టి నుంచి ఒక రైతు వచ్చాడు. కొండవాలు పొలాలు చదును చేసే పని పెట్టుకోవాలని అతని ఆశ. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. యంత్రం గురించి అతనికి ఏమీ తెలియదు. ఒక్కటే అడిగాడు.

"మీ మామ చూసినాడా అప్పా?"

"చూసినాడు" అన్నాను. అది నిజం. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. "టీ కూడా తాగినాడు" అన్నాను.

అతని ముఖం విప్పారింది. ఇంకేమీ అడగకుండా బండి తీసుకుపోయాడు.

రెండు నెలలకు కొండవాలు మీద పని చేస్తుండగా ఆ బేరింగు పగిలింది. పైభాగం ఒక పక్కకు వాలింది. అతను దూకి ప్రాణం దక్కించుకున్నాడు. అంచెట్టి పల్లెలకు బస్సులే తక్కువ, మెకానిక్కులు ఎవరొస్తారు? అతను నేరుగా డెంకణికోటకు వచ్చి, పాల సొసైటీ ముందు నలుగురిలో మామను పట్టుకున్నాడు. "నువ్వు టీ తాగినావనే కదా కొన్నాను! నీకు ఎంత ముట్టింది? నీ నోట్లో మన్ను పడ!" అన్నాడట. ఇదంతా తరవాత అత్త చెప్పింది.

 తాను తాగని టీ ఎవరి నోట్లోంచి వచ్చిందో మామకు అక్కడే తెలిసిపోయి ఉంటుంది. "అవునప్పా, నాదే పొరపాటు. పద, చూస్తాను" అన్నాడట. కృష్ణగిరి పాత సామాన్ల యార్డులు వెతికి బేరింగు సంపాదించాడు. క్రేను ఎక్కలేని ఆ దారిలో జాకీలు, మొద్దులు పెట్టి బండిని లేపి, ఆ వయసులో పదకొండు రోజులు అక్కడే ఉండి బాగు చేసి వచ్చాడు. "అక్క కొడుకును వీధిలో నిలబెట్టేదానికి నాకు చేతులు రావు" అని అత్తతో అన్నాడట. ఆ మాట నాకు చేరవేయవద్దని కూడా అన్నాడు. అత్త చేరవేసింది. అదొక్కటే ఆమె నాకు వేసిన శిక్ష.

ఆ తరవాత యార్డులకు ఆయనను పిలిచేవాళ్ళు లేరు. ఎవరైనా బండి చూడబోతూ పెద్దాయన పేరెత్తితే, "ఆయన ఎవురి టీ అయినా తాగుతాడులే" అని నవ్వేవాళ్ళు. నేను ఉన్నచోట కూడా నవ్వారు. ఒకసారి నేనూ నవ్వినట్టు పెదవులు కదిలించాను. దేవుడు చూశాడో లేదో గాని నేను చూసుకున్నాను.

చెప్పేద్దామని రెండుసార్లు వాళ్ళింటికి పోయాను. మామ అరుగు మీద కూర్చుని దూరంగా ఎక్కడో పనిచేస్తున్న బండి చప్పుడు మంచి చెవితో వింటున్నాడు. "దాని పిన్నులు ఎండిపోయినాయి, గ్రీసు పెట్టేవాడు లేడు" అన్నాడు. మా అమ్మ మోకాళ్ళ నొప్పి గురించి అడిగాడు. అన్నం తినిపోమన్నాడు. నేను తిన్నాను. తిని వచ్చాను.

మామను ఆయన పొలంలోనే పూడ్చిపెట్టాము. గుంత తీయడానికి నా బండి తెస్తానంటే అత్త వద్దంది. మనుషులే గడ్డపారలతో తవ్వారు. అంతా అయిపోయే సమయానికి అంచెట్టి రైతు వచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చాడట. పిడికెడు మట్టి వేసి, చుట్టూ ఉన్నవాళ్ళతో, "ఒక తప్పు చేసినాడు, అయినా దిద్దుకొన్నాడు. మంచోడు. నేను ఎప్పుడో మరిచిపోయినాను" అన్నాడు. అందరూ తలూపారు. మామ గుంత గట్టు మీద, ఆయన చేయని తప్పును నలుగురూ పెద్ద మనసుతో క్షమిస్తున్నారు. నేను అక్కడే, చేతులకు మట్టితో నిలబడి ఉన్నాను.  ఆ టీ మాట అనడం కన్నా అక్కడ నిజం చెప్పకపోవడం పెద్ద తప్పు.

పదకొండో రోజు కార్యం అయ్యాక అంచెట్టికి పోయాను. రైతు ఆ బండితోనే వాలు మీద గట్టు వేస్తున్నాడు. నన్ను చూసి ఆపి దిగాడు. నిలబడే చెప్పేశాను. మామ ఆ బండి వద్దన్నాడు, టీ ముట్టలేదు, అబద్ధం నాది, అన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. తలకు చుట్టుకున్న టవలు విప్పి, చైన్ మీద కూలబడ్డాడు.

"నలుగురిలో ఆయన నోట్లో మన్ను కొడ్తిని కదప్పా. చేయని మనిషిని. నువ్వు ముందే చెప్పింటే పోయి కాళ్ళు పట్టుకొనేవాణ్ణి. ఇప్పుడు ఎవురి కాళ్ళు పట్టుకోవల్ల నేను?"

 మామ ఒక్కడికే అన్యాయం చేశాననుకుని అంత దూరం పోయాను. ఇద్దరికి చేశానని అక్కడ తెలిసింది. "నాకు చెప్పి ఏం లాభం? ఆ పొద్దు తిట్లు విన్నోళ్ళందరికీ చెప్పుపో" అన్నాడు. చెబుతానన్నాను. పాల సొసైటీ ముందు చెప్పాను, యార్డుల్లో చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను. మామ చూపు తప్పలేదు.

ఆ రోజు రైతు మొహం తుడుచుకుని మళ్ళీ బండి ఎక్కాడు. నేను గట్టు కింద నిలబడి ఉన్నాను. మట్టి తీసి పోయడానికి బండి తిరిగిన ప్రతిసారీ కేబిను నాకు ఎదురుగా వచ్చింది. ప్రతిసారీ అతను బకెట్ వైపే చూశాడు.