మిద్దె కనపడే పరదా

కిటికీకి గుడ్డ వేలాడదీయడం ఆడవాళ్ల ముచ్చట అనుకునేవాళ్లకు మా పాతబస్తీ సంగతి తెలియదు. హుస్సేనీ ఆలంలో మా గల్లీకి ఒకప్పుడు దానికో చట్టం ఉండేది. మిద్దె ఎక్కే మగవాడు మొదటి మెట్టు మీదే నిలబడి "పర్దా కర్లో అమ్మా, ఎక్కుతున్నా!" అని కేకేయాలి. చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు కిటికీల పరదాలు దించుకుంటారు. పని అయిపోయాక కిందికొచ్చి "దిగిన!" అని మళ్లీ కేకేయాలి. ఆ రెండో కేక వినపడేదాకా ఒక్క పరదా కదలకూడదు. నేను బడి మొహం చూడనివాణ్ణి. కిరాణా పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. ఆ తర్వాత పుస్తకాలు చాలానే చదివాను. ఇంత మర్యాద గల చట్టం ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

ఆ మర్యాదే మా పక్కింటాయన్ని మింగింది.

ఆయన పావురాలు పెంచేవాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కేకేసి మిద్దె ఎక్కాడు. నా భార్య పరదా దించింది. రెండో కేక ఎంతకూ రాలేదు. గాలాడని గదిలో బియ్యం ఏరుకుంటూ ఆమె ఆయన్ని తిడుతూనే ఉంది: "పావురాలు దొరికితే చాలు, ఇగ దిగుడే యాదికుండది ఈ మనిషికి!" తక్కిన ఇళ్లలోనూ ఆడవాళ్లు చెమటలు కక్కుతూ అట్లాగే కూర్చున్నారు. పొద్దుగూకే వేళ నేను దుకాణం నుంచి వచ్చి పరదా తొలగిస్తే, ఆయన మిద్దె మీద నీళ్ల తొట్టి పక్కన పడి ఉన్నాడు. మా కిటికీకి సరిగ్గా ఎదురుగా. మధ్యలో ఉన్నది ఒక సన్నటి సందు, అంతే. పడ్డాక చాలాసేపు ప్రాణం ఉండిందని డాక్టరు చెప్పాడు. నా భార్య వింటుండగానే చెప్పాడు. అంత చదువు చదివినవాడికి ఏ మాట ఎవరి ముందు అనకూడదో తెలియలేదు.

మర్నాడే ఆమె ఆ పరదా పీకి చింపి, నేల తుడిచే గుడ్డ చేసింది. అప్పటినుంచి ఇంట్లో అన్ని కిటికీలకూ పరదాలున్నాయి, ఆ ఒక్కదానికి లేదు. ఎందుకని ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు ఆ పావురాలాయన ఇల్లు లేదు. ఎవడో బిల్డరు కొని, కూలగొట్టి, మా మీదికి ఒరిగినట్టుగా అపార్ట్‌మెంట్ లేపాడు. ఎదుటి ఫ్లాటులో చాయ్ కలిపే చెంచా చప్పుడు నా మంచం మీదికి వినపడుతుంది. ఇంటి మీదికి ఇల్లు తోలేవాడికి కేకేయడం ఎక్కడ తెలుస్తుంది?

మా కోడలు ఓపిక పట్టినన్నాళ్లు పట్టింది. "మామా, తల దువ్వుకుందామన్నా వాళ్ల డ్రాయింగ్ రూముల కూసున్నట్టే ఉన్నది. మందం పర్దా ఏద్దాం. అత్తమ్మకు మీరే చెప్పాలె," అంది. న్యాయం ఆమె వైపే ఉంది. నేను చెప్పేలోపే మా ఆవిడ అందుకుంది.

"అన్నిటికీ ఏస్కో బిడ్డా. గా కిటికీకి మాత్రం వద్దు. మిద్దె కనవడాలె."

"మిద్దె ఏడున్నది అత్తమ్మా? కూలగొట్టిన్రు గద!"

మా ఆవిడ ఉప్పు ఎంత పడిందో రుచి చూడకుండానే చెప్పగలదు, మనవళ్ల పుట్టినరోజులు మరవదు. మతి ఎక్కడా తప్పలేదు, ఆ కిటికీ దగ్గర తప్ప.

కోడలూ నేనూ పరదాల దుకాణానికి పోయాం. సేల్స్‌మన్ ఒక బరువైన గుడ్డను నా మోకాళ్ల మీద పరిచాడు.

"బ్లాకౌట్ తీస్కో అంకుల్. మిట్టమధ్యాహ్నం గూడ అమాసే!"

"పగటిని అమాస చేస్కునేది దొంగలు. నా ఇంట్ల ఎవలున్నరు దొంగలు? లోపలోళ్లకు బయట కనవడాలె, బయటోళ్లకు లోపల కనవడొద్దు. గట్లాంటిది తియ్యి."

"గట్లాంటిది మంత్రిగారి కారు అద్దానికుంటది అంకుల్!"

కోడలు నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మా ముత్తవ్వల కాలం నుంచి ఉన్న వస్తువు గురించి అడిగితే వెటకారమా! పల్చటి జాలీ గుడ్డ చూపించాడు. కోడలే దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని చూసి, "లైటేస్తే మనమే సినిమా మామా," అని పక్కన పెట్టింది.

అప్పుడు దాని పేరు గుర్తొచ్చింది: చిల్మన్, సన్నటి వెదురు పుల్లలను దారంతో అల్లిన తెర. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు బుట్టలల్లే మేదరి కుటుంబం ఒకటి కిటికీ కొలత తీసుకుని అల్లి ఇచ్చింది. తగిలించిన రోజు కోడలు ఎదుటి ఫ్లాటావిడను అడిగి, వాళ్ల కిటికీలో నిలబడి అరిచింది: "మామా, అత్తమ్మ అస్సలు కనవడ్తలేదు!" లోపల మా ఆవిడ స్టూలు వేసుకుని పుల్లల సందుల్లోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇద్దరి పంతమూ నెగ్గింది. నా మనసు కుదుటపడింది.

కొద్ది రోజులకు, ఒక మధ్యాహ్నం, ఏసీ మెకానిక్ ఒకడు ఎదుటి గోడ అంచు మీదికి ఎక్కాడు. కేక లేదు, ఏమీ లేదు. కోడలు చటుక్కున పక్కగదిలోకి పోయింది. మా ఆవిడ మాత్రం లేచి చిల్మన్‌ను చేత్తో పైకెత్తింది. పరాయి మగవాడికి తన మొహం ఎన్నడూ చూపించని మనిషి, తల బయటికి పెట్టింది.

"భాయ్‌జాన్, దిగినవా?"

వాడు ఉలిక్కిపడి గోడను పట్టుకున్నాడు. "ఇంకా లేదమ్మా, పైపు బిగిస్తున్న."

ఆమె ఎత్తిన తెర ఎత్తినట్టే ఉంది. పని ముగించి, వాడు కిటికీలోంచి లోపలికి దూకి, నవ్వుతూ చేయి ఊపాడు. "దిగిన అమ్మా, సూడుండ్రి!"

"దిగిండు గద," అన్నాను నేను. "ఇగ వదిలెయ్యి. చెయ్యి గుంజుతది."

ఆమె చూపు వాడి మీద లేదు. వాడికి ఇవతల, ఖాళీ సందు మీద, ఒకప్పుడు నీళ్ల తొట్టి ఉన్నంత ఎత్తున నిలిచి ఉంది.

"గీయన దిగిండు," అంది మెల్లగా. "ఆయన ఇంకా దిగలే."

తెర రెండో అంచును నేను పట్టుకున్నాను.