ముందు అడిగిన ప్రశ్న

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల కంప్యూటర్‌లో ఒక ఫార్ములా రాసుకుంటూ, "మేడం, షరతుల వరుస మారిస్తే జవాబు మారుతదా?" అని అడిగింది. మారుతుందా అంటావేమే పిచ్చిమొహమా, అని పైకి అనలేదు. "మొదటి షరతు కుదిరితే అది అక్కడే ఆగిపోతుంది, రెండోది చూడనే చూడదు" అని మాత్రం చెప్పి, తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాను. మా మేనత్త గుర్తొచ్చింది.

మా బాపుకు అక్క ఆమె. వేములవాడకు అవతల, వాగు ఒడ్డున ఊరు. మొగుడు మగ్గం పనికని భివండి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఏడవడం ఆమెకు చేతకాదు, తిట్టడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. బీడీలు చుట్టి రెండు అర్రల పెంకుటిల్లు తన పేరునే కట్టుకుంది. నా కంప్యూటర్ చదువూ ఆ బీడీల మీదే నడిచింది. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు ఏరుతుంటే నేనూ పక్కన కూర్చునేదాన్ని. ఆకును ముందు వెలుతురుకు పట్టి చిల్లి ఉందేమో చూసేది, సైజు సంగతి తర్వాత. నేను పెద్దాకులు ముందు ఏరబోతే చేతి మీద ఒకటి వేసేది. "ఏది ముందుగాల సూడాల్నో గదే ముందుగాల సూడాలె బిడ్డా. చిల్లి పడ్డ ఆకు ఎంత పెద్దగుంటె ఏం జేసుకుంటవ్?"

తొంభైల్లో ఆ వాగు మీద ఆనకట్ట కడతామన్నారు, ఊరు మునుగుతుందన్నారు. ఇళ్లు పోయేవాళ్లకు గుట్ట కింద జాగాలిస్తామన్నారు. కరీంనగర్‌లో ఆ జాబితా తయారుచేసే కంప్యూటర్ గదిలో నేను టెంపరరీ ఆపరేటర్‌ని. గుడికి పోయినట్టు చెప్పులు బయట విడిచి లోపలికి పోయేవాళ్లం. జాగా ఎవరి పేరున రాయాలో తేల్చే ఫార్ములా నేనే రాశాను. పెళ్లయిన ఆడదైతే మొగుడి పేరు, కాకపోతే, సొంత ఇల్లుంటే ఆమె పేరు. ఆ వరుసలో రాయమని ఎవరూ చెప్పలేదు, నాకే సహజంగా తోచింది. ఊళ్లకు ఊళ్లు చిటికెలో తేలిపోతుంటే మురిసిపోయాను కూడా.

గోడకు అంటించిన జాబితాలో అత్త పేరు లేదు, మొగుడి పేరుంది. ఇంటి కాగితం అత్త పేరునే ఉంది కానీ, ఫార్ములా అందాకా పోనే లేదు. అత్త కరీంనగర్ వచ్చి మా పెద్దసారు ముందు నిలబడింది.

"ఇల్లు నాది సారూ. మట్టి నేనే మోసిన. ఆడు ఒక్క పెంకన్న ఎయ్యలే."

"కంప్యూటర్ల ఎట్లుంటే అట్లనే అమ్మా. కంప్యూటర్ తప్పు చేస్తదా?" అన్నారు సారు.

అత్త నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా, గా కంప్యూటర్ తప్పు చేస్తదా?"

రెండు షరతులు అటుది ఇటు చేస్తే అయిపోయేది. కానీ తప్పు నాదని తెలిస్తే ఆ పూటే పొమ్మంటారు. "చెయ్యదత్తా" అన్నాను. ఛీ, ఆ మాట అన్న నోరు ఇదే.

"గట్లనా" అని, నన్ను నమ్మి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

నెల తిరక్కముందే ఆ మొగుడు మహాశయుడు బస్సు దిగాడు, సంతకం పెట్టాడు, జాగా అమ్ముకుని మళ్లీ బస్సెక్కాడు. ఊరు మునిగాక అత్త మా ఇంటి అరుగు మీద చాట పెట్టుకుని ఎనిమిదేళ్లు బతికింది. ఎవరైనా ఆఫీసోళ్లను తిడితే నా ఎదుటే అడ్డుపడేది. "మా మేనకోడలు సూసింది, తప్పేం లేదంట. నా నసీబే గట్లుంది."

ఇంతలో ఆ పిల్ల షరతులు మార్చేసి, "అరె, నిజమే మేడం! నిమిషం గూడ పట్టలే" అంది. ఆ రోజు నాకూ నిమిషమే పట్టేది. ముప్పై ఏళ్లు గడిచాయి, ఇప్పుడు చెబుదామన్నా వినడానికి అత్త లేదు.