మా అత్త మొక్కలు గేటు ముందు ఎందుకున్నాయి

పోయిన వారం మంగళవారం మధ్యాహ్నం మా అత్త శవం శ్మశానం చేరకముందే మిల్లు బండి మా లైనులోకి వచ్చి ఆమె మొక్కల్ని ఎత్తుకుపోయింది. అదే రోజు పొద్దున అదే మిల్లు ఆమె మెడలో వెయ్యమని పూలదండ పంపింది. దండ తెచ్చినవాడూ బండి తోలుకొచ్చినవాడూ ఒకే మేస్త్రీ.

చనిపోయింది మా నాన్నకు అక్క. పెళ్ళి కాక ముందు నుంచీ రీలింగులో నిలబడి నూలు చుట్టి చుట్టి, చివరికి దగ్గు ముదిరి మానుకున్న మనిషి. మిల్లు డాక్టరు దాన్ని చలి దగ్గు అన్నాడు. మార్గళి నెల మంచులో చలి దగ్గే, చిత్తిర ఎండలో కూడా చలి దగ్గే. మంగళవారం తెల్లవారాక ఆ దగ్గు ఆగింది. ఆగిందేమిటా అని పోయి చూస్తే ఆమే లేదు.

మా లైను చూడనివాళ్ళకు కొంచెం చెప్పాలి. కోయంబత్తూరులో మిల్లు వెనక గోడకు ఆనుకుని రెండు వరసల ఇళ్ళు. గడపకూ మురుగు కాలువకూ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా. ఆ జాగాలో మా అత్త తోట పెట్టింది. కుండీలు కొనే మొహాలా మావి? కార్డింగులో పత్తి పోగు నింపుకునే పొడుగాటి రేకు డబ్బాలుంటాయి, స్లివర్ డబ్బాలంటాం. అడుగు తుప్పు పట్టి చిల్లు పడితే మిల్లువాళ్ళు గోడవతల పారేస్తారు. చిల్లు పడిన డబ్బా మిల్లుకు పనికిరాదు. మొక్కకు అదే కావాలి, నీళ్ళు దిగిపోవాలి కదా. ఒక్కొక్కదాన్నీ దొర్లించుకుంటూ తెచ్చుకుంది.

కూరగాయలు పెట్టలేదు. అదే అందరికీ కోపం. మా నాన్న కూడా అడిగేవాడు.

"ఏంటికక్కా ఈ క్రోటన్లు? రెండు వంకాయ చెట్లు పెడితే కొళంబుకన్నా, పులుసుకన్నా అవును గదా?"

"కడుపుకోసరం మిల్లులో నిలబడింది చాలుబ్బా. ఇది కండ్లకోసరం. వంకాయ కావాల్నంటే సంతకు పో."

ఆమె మాట తీరే అంత. మంచి మనిషని రాయమంటే రాస్తాను గానీ మెత్తని మనిషని రాయను. మేక వస్తే మేకను కాదు, మేక గలవాడి వంశాన్ని తిట్టేది. మొక్క ముందు ఎవరైనా నిలబడి చూస్తుంటే, "నిన్ను జూసి పూస్తాదా అది? తప్పుకో, ఎండ తగలనీ" అనేది.

మా లైనులో ఏడాది ఆమె డబ్బాల్లోనే తిరిగేది. చిత్తిరలో గోడ కాలిపోతుంటే గడ్డిగులాబీలు. మేము పది గంటల పూలంటాం. పొద్దున షిఫ్టులో ఉన్నవాళ్ళు వాటిని ఆదివారం తప్ప చూడలేరు. అందుకని ఆమె సాయంత్రానికి చంద్రకాంతలు పెట్టింది. షిఫ్టు మారే వేళకు ఎర్రవీ పసుపువీ ఒక్కసారిగా విచ్చుకునేవి. తల నిండా పత్తి దూదితో మేము ఇంటికి వస్తుంటే అవి అప్పుడే లేచినట్టు మమ్మల్ని చూసేవి. ఆడి నెలలో పాలక్కాడు కొండల సందులోంచి వచ్చే గాలి ఇంటి పెంకులే లేపుతుంది, ఇక మొక్కలెంత. తెగిన నూలు ముక్కలు పేని ప్రతి కొమ్మనూ పుల్లకు కట్టేది. ఐప్పసి నెల వానలకు కాశీతుమ్మ, జినియా. మార్గళిలో ఊదారంగు డిసెంబరు పూలు. ఆ నెలలో మా లైను ఆడవాళ్ళలో పూలు లేని తల ఉండేది కాదు.

ఎదురింటి అక్క వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. ఏటా సమాధుల పండగకు జినియాలన్నీ కోసి ఆమె కొంగులో పోసేది మా అత్త. "మీ ఆయనకు పెట్టు. బతికుండగా నా డబ్బాలో బీడీ ముక్క పారేసినోడే వాడు. వాడి పూలు ఆ డబ్బాలోనించే వచ్చినాయని మర్చిపోకుండా చెప్పు." ఎదురింటి అక్క ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో పోయేది.

అన్నిట్లో ఆమెకు ప్రాణం క్రోటన్లు. ఎరుపు, పసుపు, పాము ఒంటిలా చారలు. క్రోటనుకు పూలు లేవు, ఉన్నదంతా ఆకే. మిల్లు గొట్టాల్లోంచి ఎగిరొచ్చే దూది ఆ ఆకుల మీద తెల్లగా పరుచుకుంటుంది. రోజూ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేది. "దానికి ఊపిరాడద్దా?" అనేది, తనకు ఊపిరాడక మధ్యమధ్యలో గోడ పట్టుకుంటూ.

వైండింగులో మా మీద అజమాయిషీ చేసే జాబరు చెయ్యి ఎత్తితే నేను మాటకు మాట అన్నానని నన్ను పనిలోంచి నిలిపేసినప్పుడు, ఇంటికొచ్చి అరిచాను. అందరూ నన్నే తిట్టారు. మా అత్త తడిగుడ్డ చేతిలో పెట్టింది. "ఆకులు తుడువు మే. ఒక్క ఆకు గూడా చిరక్కుండా తుడిస్తివంటే అప్పుడు పోయి మాట్లాడు." నేను మూడు చించాను. "ఇంగా కాలేదు" అంది. మర్నాడు ఒక్కటీ చిరగలేదు. అప్పుడు పోయి మాట్లాడాను, పని తిరిగి వచ్చింది. చదువు బడిలో నేర్వలేదు నేను, అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. కోపాన్ని పట్టుకోవడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఈ కాగితం మీద ఏ మాటైనా చిరక్కుండా నిలబడితే అది ఆమె చలవ.

ఇప్పుడు కొమ్మల సంగతి చెప్పాలి. మా వాళ్ళలో కొమ్మ అడిగి తీసుకోరు. అడిగి తెచ్చిన కొమ్మ వేరు పట్టదని నమ్మకం. మొక్క గలవాళ్ళు చూడనప్పుడు గిల్లుకుపోవాలి. కొత్త కోడలు లైనుకు వచ్చినా, ఎవరైనా వేరే మిల్లుకు మారిపోతున్నా, మా అత్త తోట దగ్గరికి వచ్చి ఊరికే కబుర్లు పెట్టేవాళ్ళు. ఈమెకు తెలుసు. "పాలు పొంగతా ఉండాయేమో, నేను లోపలికి పోతావుండా. ఈడ నువ్వు ఏంజేస్తావో నాకు తెలీదు" అని, పొయ్యి మీద పాలే లేకపోయినా లోపలికి పోయేది. ఆమె కూడా అంతే. ఆ ఎర్ర క్రోటను ఆర్.ఎస్. పురంలో ఎవరిదో బంగళా గోడ మీంచి గిల్లుకొచ్చిందే. దాని తల్లి మొక్క ఇప్పటికీ ఆ గోడ వెనక నిక్షేపంగా ఉంది, ఆ దారిన పోయినప్పుడల్లా మాకు చూపించేది.

మంగళవారం మగవాళ్ళంతా పాడె వెంట పోయారు. ఆడవాళ్ళు స్నానాలకని కొళాయి దగ్గరికి పోయారు. శవం లేచిన ఇల్లు కడుగుతూ నేనొక్కదాన్నే ఉన్నాను. బయట రేకు గీసుకుపోతున్న చప్పుడైంది. చీపురుతోనే వచ్చి చూశాను. బండిలో అప్పటికే సగం డబ్బాలు ఎక్కాయి.

"ఏమన్నా, ఏంటికి ఎత్తతావుండావు?"

మేస్త్రీ మన తెలుగువాడే. అయినా నా మొహం చూడలేదు. "ఆయుధపూజ వస్తాది గదమ్మా. ఓనరు మొదలాళి ఇంటోళ్ళంతా మిల్లు జూసేదానికి వస్తారు. గేటుకు అందంగా ఉంటాదని లేబర్ ఆఫీసరు చెప్పినాడు."

"అవి మా అత్తవి."

"డబ్బా ఎవురిది? మిల్లుది. నేల? మిల్లుది. పోసిన నీళ్ళు? అవీ మిల్లువే. ఇంగ మీ అత్తది ఏముండాది చెప్పు?" బండివాడు నవ్వాడు. దాంతో మేస్త్రీకి ఊపొచ్చింది. "లైనంతా దొంగకొమ్మలోళ్ళే గదా మీరు. మీరు గిల్లితే ఆచారం, మేము ఎత్తితే దొంగతనమా?"

"గిల్లినోళ్ళు తల్లిని విడిచిపెట్టిరన్నా. నువ్వు తల్లినే ఎత్తుకపోతావుండావు."

"సరి సరి. పూజ కానీ, చూద్దాం."

ఏం చూస్తారు? బండి ఎక్కించేటప్పుడు చారల క్రోటను ఒకటి జారి కాలువలో పడింది. దాన్ని అక్కడే వదిలేసి పోయారు. మగవాళ్ళు శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి గడప ముందు తడి గుండ్రాలు వరసగా మిగిలాయి, డబ్బాలు కూర్చున్న చోట. మా నాన్న వాటి మధ్య కాలు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాడు.

ఆమెది ఏముంది అని కదా మేస్త్రీ అడిగాడు. ఇప్పుడు చెబుతున్నాను. డబ్బా మీరు పారేసింది. మట్టి ఆమె తలమీద మోసింది. నీళ్ళు కొళాయి దగ్గర మాతోపాటు వరసలో నిలబడి పట్టింది. మిల్లు డబ్బాలో పెరిగిందంతా మిల్లుదే అయితే, మిల్లు దూది పీల్చి ఆమె రొమ్ములో పెరిగిన దగ్గు ఎవరిది? దాన్ని ఏ బండిలో ఎత్తుకుపోయారు? ఆ దగ్గు మాత్రం ఆమె సొంతం, చలి వల్ల వచ్చింది. పూలు మాత్రం మీవి. ఇది ఏ ఊరి లెక్క?

మా లైనువాళ్ళకు రంగురంగుల ఆకు ఎందుకని ఆఫీసులో అన్నారట. గేటు దగ్గరుంటే నలుగురూ చూస్తారట. మేము నలుగురం కామా?

నిన్న పోయి చూశాను. లారీల దుమ్ము ఆకుల మీద మందంగా పేరుకుంది. తుడిచేవాళ్ళు లేరు. క్రోటన్లు కింది ఆకులు రాలుస్తున్నాయి. దగ్గరికి పోతే వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు. గిల్లుకుందామన్నా వీలు లేదు. ఐప్పసి వానలు వస్తున్నాయి, కొమ్మ నాటేది ఇప్పుడే. ఈ వానలు దాటితే ఎండిన తల్లుల నుంచి ఏం గిల్లుకుంటాం? మా అత్తను ఎలాగూ తిరిగి తేలేం. ఆమె మొక్కలు మా గడపల ముందు బతకాలి. మేము అడిగేది అంతే.

ఇదంతా రాత్రి లైను ఆడవాళ్ళకు చదివి వినిపించాను. ఎవరూ కాదనలేదు. తమిళంలో రాయించి ఆఫీసు బోర్డు మీద కూడా అంటిస్తున్నాం. ఆయుధపూజకు ఎవరి మిషను వాళ్ళు కడిగి గంధం, కుంకుమ పెట్టడం మా చేతుల పని. రీలింగులో గానీ వైండింగులో గానీ ఈసారి ఒక్క చెయ్యీ బొట్టు పెట్టదు. మొదలాళి ఇంటివాళ్ళు బోసి మిషన్ల మధ్య నడిచి, కారణం లేబర్ ఆఫీసరునే అడగాలి.

ఇలా జరగకూడదనుకుంటే, ఎత్తుకుపోయిన డబ్బాలన్నీ, వేళ్ళు కదలకుండా, మా అత్త గడప ముందు దించాలి. ఎత్తినవాళ్ళే దించాలి. ఈ శుక్రవారం సాయంత్రం షిఫ్టు మారేలోపు. జవాబు కాగితం మీద అక్కర్లేదు. బండి మీద రావాలి.