మావయ్య గెలిచిన విహారి పందెం

రెండు వారాల కిందట శుక్రవారం పొద్దున్నే అమ్మ ఫోను చేసి మా మేనమావ పోయాడని చెప్పింది. "టీ తాగతా కూకున్నోడు కూకున్నట్టే ఎళ్లిపోనాడే మా అన్నయ్య" అంది. ఏడ్చాను, నిజమే. అయినా మీకు గర్వంగానే చెబుతున్నాను, మావయ్య గెలిచి మరీ వెళ్లాడు.

మునగపాక నుంచి అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి రైతుల్ని, పెళ్లిళ్లకి పెళ్లికొడుకుల్ని, పురుళ్లకి ఆడవాళ్లని తిప్పిన టాక్సీ ఆయనది. తెల్ల విహారి. పుట్టాక నేను ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది అందులోనే. డ్రైవింగ్ నేర్చుకుంటూ చెరుకు బండిని గుద్ది తిట్లు తిన్నదీ అందులోనే. తర్వాత కంపెనీవాళ్లు విహారి తయారీ ఆపేశారు. ఊళ్లో టాక్సీలన్నీ మారిపోయాయి, మావయ్య మాత్రం మారలేదు. విడిభాగాల కోసం విశాఖపట్నంలో పాత ఇనుప కొట్లన్నీ గాలించేవాడు.

మా నాన్న ఊరుకునే రకం కాదు. "కంపెనీవోడే వదిలేసేడు, నువ్వేటి బావా ఇంకా పట్టుకుని ఏలాడతన్నావు?" అనేవాడు.

"మంచి పేరు ఊరికే పోదు బావా. మళ్లీ ఎట్టుకుంతారు, సూడు."

"ఆ పేరుతో ఇంకో కారొచ్చిన్నాడు, నీ డొక్కు రోజూ నేనే తుడుత్తాను."

"మాట మీదుండు" అన్నాడు మావయ్య. పందెం పడింది. ఏళ్లు గడిచిపోయాయి.

పోయినేడు పేపర్లో సగం పేజీ ప్రకటన వచ్చింది, విహారి మళ్లీ వస్తోందని. మావయ్య ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని వారం రోజులు ఊరంతా చూపించాడు. పాత పేరు చూపిస్తే పాత మనసులు కరుగుతాయని కంపెనీల ఎత్తు. నాకది తెలుసు. తెలిసీ కరిగాను, కారు బుక్ చేశాను.

డెలివరీ రోజు నన్నూ నాన్ననీ మావయ్య తన పాత విహారిలోనే షోరూముకి తీసుకెళ్లాడు. మేనేజరు అద్దంలోంచి దాన్ని చూసి, "పాతది ఇచ్చేయండి సార్, ఎక్స్ఛేంజ్ బోనస్ ఉంది" అన్నాడు.

"మనవడికి తాత పేరెట్టుకుంతాం బాబూ. పేరెట్టేక తాతని తూకానికేసేత్తామా?" అన్నాడు మావయ్య.

మేనేజరు తెల్లబోయి, ఆనక నవ్వేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో మావయ్య పళ్లెం, బియ్యం తెప్పించి, కొత్త కారు ముందు పెట్టి, వేలి ఉంగరం తీసి, బారసాలలో రాసినట్టు బియ్యంలో 'విహారి' అని రాశాడు. నాన్న వైపు తిరిగి, "గుడ్డ తెచ్చుకున్నావేటి బావా?" అన్నాడు. ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

నాన్న మాట తప్పలేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే గుడ్డ, బకెట్టు పట్టుకుని నాలుగిళ్ల అవతల ఉన్న మావయ్య వాకిట్లోకి వెళ్లేవాడు. మావయ్య కుర్చీలో టీ తాగుతూ, "ఆ మూల మిగిలిపోనాది బావా" అనేవాడు. మిగలకపోయినా అనేవాడు. ఆ శుక్రవారం కూడా ఆ మాట అన్నాకే వెళ్లాడట.

పెద్దకార్యం అయిన మర్నాడు పొద్దున్న చూశాను. అడిగేవాడు లేకపోయినా నాన్న కారు తుడుస్తున్నాడు. పని పూర్తిచేసి, గుడ్డ పిండి, ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూశాడు. వెనక్కి వెళ్లి ఆ మూల మళ్లీ తుడిచాడు.