ఇంజను ఆపని లారీ

పెద్దది ఇచ్చి చిన్నది పుచ్చుకునే మనిషిని నేను నమ్మను. ఈ ముక్క ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గాని, ఆ రోజుల్లో నాకు అక్షరం రాదు. పలకలు మోసినవాణ్ణే గాని పలక పట్టినవాణ్ణి కాను. నడివయసు దాటాక నేర్చుకున్న రాత ఇది. వంకరగా ఉంటే ఉండనీయండి.

తెల్లవాళ్ల దొరతనం ఇంకా పోలేదు. పెద్ద యుద్ధం మాత్రం ముగిసింది. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లా కింద ఉండేది. పెద్దారవీడు పక్కన మెట్ట పొలాల ఊరు మాది. వాన పడితే సేద్యం, పడకపోతే రాయి. గనుల్లో తవ్విన పలక రాయిని మార్కాపురంలో షావుకారు కొట్టానికి చేర్చే పని చేసేవాళ్లం. అక్కడ దాన్ని పొరలుగా చీల్చి, కోసి, చుట్టూ చెక్క బిగించి బళ్లో పిల్లలు రాసుకునే పలకలు చేసేవాళ్లు. మా నాయన ఎద్దుల బండి మీద ఆ రాయే తోలి తోలి నడుం పోగొట్టుకున్నాడు. నాయన పోయాక మా అక్క మొగుడూ నేనూ కలిసి ఒక చిన్న లారీ సంపాదించాం. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక చెక్కల తొట్టి, అంతే. ఊరంతా దాన్ని పిల్ల లారీ అనేది.

పిల్ల లారీ మంచిదే. కానీ తొట్టి కింద బరువు మోసే దాని కమాను పట్టీలు రాతి బరువుకు పుట్టినవి కావు. వాగు గట్టు ఎక్కేటప్పుడు ఈనే బర్రెలాగా మూలిగేది. పట్టీ ఎప్పుడు విరుగుతుందోనని నేను పళ్లు బిగబట్టుకుని తోలేవాణ్ణి.

ఒకనాడు రాయి దించుతుంటే షావుకారు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమబ్బాయ్, మేకపిల్ల మీద రోలు పెట్టి తోలుకొస్తాండావా?"

"మేకపిల్లే మీ కొట్టం నింపుతాంది గదయ్యా," అన్నాను.

"ఏడ నింపుతాంది? నువ్వొచ్చిందాకా నా కూలోళ్లు గోళ్లు గిల్లుకుంటా కూచుంటాండారు. వానలు పోయినాక గనుల్లో పని పెరుగుతాది. పెద్ద బండి ఉన్నోడికే రాయి. ఇప్పుడే చెప్తాండా, మళ్లీ చెప్పలేదనొద్దు."

ఆయన కోపంగా చెప్పలేదు, అందుకే భయం వేసింది. రాయి పోతే పిల్ల లారీకి పని లేదు. పని లేని లారీని ఎంతకాలమని మేపుతాం? మళ్లీ ఎద్దుల తోక పట్టుకుని, నాయన పోయిన దారినే నడవాలి.

ఈ మాట గాలికి పోయినట్టు పొదిలికి పోయింది కాబోలు. కొన్నాళ్లకే అక్కడి మారుబేరగాడొకడు పెద్ద లారీ తోలుకుని మా దొడ్డి ముందు దిగాడు. పట్టాళం వాళ్లు వాడి వదిలేసిన బండి. నిలువెత్తు చక్రాలు. ఒళ్లంతా కొత్త ఆకుపచ్చ రంగు. ఎంత తొందరలో పూశారో గాని టైర్లకు కూడా అంటింది. సంతలో ముసలెద్దు కొమ్ములు గీకి ఆముదం పూసి నిలబెడతారు చూడండి, నాకు అదే గుర్తొచ్చింది. లోపలికి తొంగి చూస్తే కాలు పెట్టి తొక్కే మీటలు నున్నగా అరిగి మెరుస్తున్నాయి. పైన పెళ్లికూతురు, లోపల ముత్తవ్వ.

"గుండ్లు మోసిన బండి అబ్బాయా! మీ రాయి దీనికి బెల్లం ముక్క," అన్నాడు బేరగాడు. "మీ పిల్ల లారీ ఇయ్యండి. పైన ఆ ఎద్దుల జత ఇయ్యండి. ఇంక రూపాయి అడిగితే నన్ను చెప్పుతో కొట్టండి."

మా బావ అప్పటికే మెట్టెక్కి స్టీరింగు చక్రం పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది, బేరం సగం అయిపోయిందని.

"అన్నా, ఒక మాట," అన్నాను. "ఇంత బండి నాకిచ్చి నువ్వు ఆ పిల్లదాన్ని ఏం జేసుకుంటావు?"

"పల్లె దారులకు చిన్నదే మేలబ్బాయా. తక్కువ తాగుతాది, ఏడ బడితే ఆడ తిరుగుతాది."

"మరి అంత మేలైంది నేనెందుకు ఇడుస్తా? నాదీ పల్లె దారే గదా."

బేరగాడు టైరును కాలితో తట్టాడు. "నీకు రాయి ఉండాది. నాకు లేదు," అన్నాడు.

జవాబు బాగానే ఉంది. బాగానే ఉండటమే నాకు నచ్చలేదు.

అప్పుడు మా అమ్మ ఎద్దుల కొట్టంలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మా వైపు ఎద్దును అమ్మితే పలుపు ఇవ్వరు. పలుపు పోతే దాంతోపాటు దొడ్డి కళ కూడా పోతుందని నమ్మకం. కొన్నవాడు తన తాడు తనే తెచ్చుకోవాలి. అమ్మ ఆ మాటే మొదట తేల్చింది.

"ఎద్దులిచ్చేది ఇయ్యనిది మావోడి ఇష్టం. ఇస్తే మాత్రం పలుపులు మాయి. పిల్ల లారీ పలుపు గూడా మాదే."

"లారీకి పలుపేందత్తా?" అని బావ పైనుంచి అడిగాడు.

"అదే, పొద్దున్నే మూతికి పెట్టి తిప్పి లేపుతారే, ఆ ఇనుపది."

ఆమె చెప్పింది హ్యాండిల్ సంగతి. ఆ రోజుల్లో ముందు చిల్లులో ఇనప హ్యాండిల్ దూర్చి తిప్పితేగాని ఇంజను లేచేది కాదు. సాయంత్రం దాన్ని ఇంట్లోకి తెచ్చి, ఎద్దుల పలుపులు వేలాడే కొయ్యకే తగిలించేవాణ్ణి. అమ్మ లెక్కలో అదీ పలుపే.

అందరం నవ్వాం. బేరగాడు అందరికంటే గట్టిగా నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"నవ్వింది చాల్లే నాయనా. నీ బండి పలుపు నువ్వు తీసుకపోవాల గదా, ఏదీ? మాకొద్దు అది. నీ తాడు మా దొడ్లో ఉండకూడదు."

బేరగాడి నవ్వు తగ్గింది. "దీనికి హ్యాండిలుతో పనిల్యా పెద్దమ్మా. సెల్ఫు ఉండాది. మీట నొక్కితే తనంతట తనే లేస్తాది."

అప్పుడు తట్టింది నాకు. వచ్చిన కాణ్ణుంచి ఆ లారీ గుడగుడమంటూనే ఉంది. కూపను మీద కొలిచి పెట్రోలు పోసే కాలం. పల్లం వస్తే చాలు మేం ఇంజను ఆపి జారనిచ్చేవాళ్లం. ఈయన మజ్జిగ తాగాడు, ఎద్దుల చుట్టూ తిరిగాడు, బేరమంతా చెప్పాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

"అన్నా, ఆపు. ఆపి, ఆ మీట నొక్కి లేపు, చూస్తా."

"ఆపేది ఎంతసేపబ్బాయా? వేడి మీద ఉండాది, ముందు బరువేసి చూడండి. బరువు గదా మీకు కావాల్సింది!"

"అదీ మాట!" అన్నాడు బావ. "ఒరే, నువ్వు అనుమానం పెట్టుకునే పుట్టినావురా. పెండ్లిచూపులకు పోయి, పిల్ల మూగదేమోనని మళ్లీ మళ్లీ పేరడిగినోడివి. లెయ్, గనికి పోదాం."

పోయాం. నేను ఇంకోసారి ఆపమని పట్టుబట్టాల్సింది గాని, నాకూ లోపల ఆశ ఉంది. బరువు మోసే బండి కావాలి, అది నిజమే గదా.

గని దగ్గర పిల్ల లారీ ఎప్పుడూ మోయనంత రాయి వేయించాం. బావ తోలాడు, బేరగాడు పక్కన కూర్చున్నాడు. నేను వెనక రాళ్ల మీద కూర్చుని చెవి పెట్టి వింటూనే ఉన్నాను. ఒప్పుకోవాలి, ఆ లారీ ఆ బరువును బరువనుకోలేదు. కమాను పట్టీలు కిర్రుమనలేదు. గుంతల్లో ఏనుగు నడిచినట్టు నడిచింది. మనసు మెత్తబడింది. ఈ బండి ఉంటే షావుకారు నోరు మూయించవచ్చు, నాయన నడుము నాకు రాకుండా పోతుంది అనుకున్నాను.

వాగు వచ్చింది. నీళ్లు తక్కువే, ఇసుక ఎక్కువ. అవతల గట్టు ఎక్కబోతూ బావ గేరు మార్చడం తప్పాడు. లారీ ఒక్క ఊపు ఊగి ఆగింది. ఇంజను ఆరిపోయింది.

పొద్దుటినుంచి చెవుల్లో ఉన్న గుడగుడ పోయేసరికి వాగు పారే చప్పుడు వినబడింది. బేరగాడు మీట నొక్కాడు. టిక్కుమంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ టిక్కు.

"బ్యాటరీ కొంచెం మందగించిందబ్బాయా. తోద్దాం పట్టండి."

ఇసుకలో, అంత రాయి ఉన్న బండిని తోయడానికి మేమేమైనా రాక్షసులమా? బావ నా వైపు చూడకుండా, "ఇంటికి పోయి మన హ్యాండిలు పట్టకరా," అన్నాడు. ఊరు దగ్గరే. పోయి కొయ్యకున్నది తీసుకొచ్చాను. లారీ ముందు చిల్లు రంగుతో పూడిపోయి ఉంది. హ్యాండిల్ కొసతో గీకి, దూర్చి తిప్పాను. వెన్నలో గరిటె తిరిగినట్టు తిరిగింది. లోపల ఏదీ పట్టుకోలేదు. బావ కింద దూరి చూసి, ఒంటి నిండా ఇసుకతో లేచాడు.

"పళ్లు అరిగిపోయినాయిరా," అన్నాడు. హ్యాండిల్‌ను పట్టుకుని ఇంజనును తిప్పాల్సిన ఇనప పళ్లు ఒక్కటీ మిగల్లేదన్నమాట.

వెనక ఎద్దుల గజ్జెల చప్పుడు. మా అమ్మ. హ్యాండిల్ కోసం నేను వెళ్లినప్పుడు సంగతి అడగలేదు, నేను చెప్పలేదు. ఎద్దుల్ని మాత్రం తోలుకొచ్చేసింది. పళ్ల మాట చెవిన పడింది కాబోలు.

"పళ్లు చూడకుండా ఎద్దును కొంటారంట్రా ఎవురన్నా?"

సగం రాయి వాగులోనే దించి, ఎద్దుల్ని లారీ మూతికి కట్టాం. పైన వేసి ఇద్దామనుకున్న జతే అది. మోకాళ్లు వంచి, నురగ కక్కుతూ దాన్ని గట్టెక్కించాయి. నేను వాటి పక్కన నడిచాను. వాటి కళ్లలోకి చూడబుద్ధి కాలేదు.

గట్టు మీద బేరగాడు ముఖం కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు. "ఎద్దులొద్దులే అబ్బాయా. పిల్ల లారీ ఒక్కటి ఇయ్యండి చాలు. పళ్లు వేయించుకుంటే, బ్యాటరీ మార్చుకుంటే, ఇట్లాంటి బండి మీ తాలూకాలో ఇంకోటి ఉండదు. బరువు మోసిందా లేదా? నువ్వే పైన కూచున్నావు గదా."

బావ కళ్లతోనే అడుగుతున్నాడు. బేరగాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మోసింది. పళ్లు వేయించవచ్చు. ఎద్దులు మాకే ఉంటాయి, షావుకారు రాయి మాకే ఉంటుంది. ఇంతకంటే మంచి బేరం మళ్లీ రాదు.

"పళ్లు లేవని పొద్దున్నే ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే కొంటావా?"

"కొనుండేవాణ్ణి."

"కొనవు. నువ్వు అట్లాంటోడివి గాదు," అన్నాడు.

ఆ మాట నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం ఒకటే అనిపించింది. వాగు దగ్గర జత ఎద్దులు తగ్గించినవాడు ఇంకో వాగు దగ్గర ఇంకేం తగ్గించాల్సి వచ్చేదో. బండిలో ఇంకా బయటపడని లోపాలు ఎన్నో, నాకు కనబడింది ఈ ఒక్క వాగే.

"వద్దన్నా. నీ బండి నువ్వు తోలుకపో," అన్నాను.

మిగిలిన రాయి దించుకున్నాం. ఎద్దులు లారీని పెద్దారవీడు దారిలో పల్లం దాకా లాగాయి. పల్లంలో జారిన ఊపుకు ఇంజను దడదడమని లేచింది. బేరగాడు పోయొస్తానని చెప్పడానికైనా ఆపలేదు. ఆపలేడు గదా. అమ్మ ఎద్దుల పలుపులు సవరించుకుని, నా చేతిలో హ్యాండిల్ లాక్కుని ఇంటిదారి పట్టింది.

వానలు పోయాక షావుకారు అన్నంత పనీ చేశాడు. గిద్దలూరు వైపు వాడెవడో పెద్ద లారీ తెస్తే రాయి వాడికిచ్చాడు. మాకు మిగిలింది గడ్డి వేసి పెట్టెల్లో కట్టిన పలకలు రైలు స్టేషనుకు తోలే పని. అది తేలిక బరువు, వచ్చే కూలి కూడా తేలికే. పిల్ల లారీ మూలగడం మానింది. బావ నాతో మాట్లాడడం మానాడు. ఇద్దరం ఆ ఇరుకు సీట్లో భుజం భుజం రాసుకుంటూ, ఒక్క మాట లేకుండా చాలా రోజులు తిరిగాం. మధ్యలో అక్క సర్దిచెబితే మళ్లీ కలిశాం గాని, ఆ లారీ మాట మాత్రం ఎత్తేవాళ్లం కాదు.

ఏళ్లు గడిచాక ఒకసారి దొనకొండ స్టేషను బయట ఇద్దరం రైలు కోసం కూర్చుని ఉన్నాం. ఎదురుగా ధాన్యం బస్తాల లారీ ఒకటి నిలబడి ఉంది. ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచిపోయింది. ముందు చిల్లు చుట్టూ నా హ్యాండిల్ గీకిన గీతలు తుప్పు పట్టి ఉన్నాయి. తోలేవాడు టీ అంగడి దగ్గర తీరిగ్గా తాగుతున్నాడు. లారీ గుడగుడమంటోంది.

నేను లేచి పోయి, "ఆపకూడదా నాయనా, ఊరికే తాగుతాంది గదా?" అన్నాను.

"ఎందుకాపాల పెద్దాయనా? ఇప్పుడే పోతాండా," అని ఇంకో టీ చెప్పాడు.

వెనక్కి వచ్చి కూర్చున్నాను. బావ ఆ లారీ మీదనుంచి చూపు తిప్పలేదు.

"చూసినావా, ఇంకా తిరగతానే ఉండాది," అన్నాడు.

"చూసినావా, ఇంకా ఆపలేదు," అన్నాను నేను.